గలాలీ కాఫీ కొట్టులో నేను వేసిన సముద్రం

1995 నవంబరు 16, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. బహ్రెయిన్‌లోని గలాలీలో, యూసుఫ్ అనే ఆయన కాఫీ కొట్టు గోడ మీద నేను వేసిన సముద్రాన్ని చూసి ముగ్గురు ముసలివాళ్ళు లేచారు. తమ కుర్చీలు ఎత్తి, గోడకి వీపులు వచ్చేటట్టు తిప్పుకుని, మళ్ళీ కూర్చున్నారు. పనిలో ఉన్నన్నేళ్ళూ నేను తిన్న తిట్లలో అంతకన్నా పెద్దది లేదు.

హోటళ్ళ గోడల మీద, ఫంక్షన్ హాళ్ళలో, బడుల్లో బొమ్మలు వేసే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "తాతా, ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతది?" అది పెయింట్ షాపులో డబ్బాల్లో అమ్మే సరుకని, మంచి షాపు ఎక్కడుందో నాకు తెలిసీ చెప్పడం లేదని వాళ్ళ అనుమానం. పెన్సిలు చెక్కడం రానివాడు కూడా ఈ ప్రశ్న అడుగుతాడు.

నా జీతం ఎప్పుడు పెరిగిందో, నాకు ఎవరు శాలువా కప్పారో రాయను. దాని వల్ల ఎవరి చెయ్యీ తిరగదు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, పనివాళ్ళుండే క్యాంపులో పక్క మంచం మీద ఉండే ఎలక్ట్రీషియన్ నేర్పితే. అందుకని పెద్ద మాటలు నా దగ్గర లేవు. ఈ పనికి వాటి అవసరం కూడా లేదు.

సత్యంగారి సంచి

మాది ఆర్మూరు దగ్గర పల్లె, నా పేరు గంగారాం. గంగారాం దుబాయికి పోయిండని ఊరంతా చెప్పుకున్నారు. నేను దిగింది బహ్రెయిన్‌లో. మావాళ్ళకి గల్ఫ్ మొత్తం దుబాయే, నేను కూడా విమానం దిగేదాకా అదే అనుకున్నాను. పెయింటర్ వీసా. పెయింటరంటే నా మనసులో ఏవేవో ఉన్నాయి. చేతిలో పెట్టింది రోలరు. ఎండాకాలంలో నాలుగో అంతస్తు పరంజా మీద నిలబడి, తెల్ల గోడకి తెల్ల రంగు కొడుతూ, ఎక్కడిదాకా కొట్టానో నాకే తెలియక మళ్ళీ మొదటి నుంచి కొట్టిన రోజులున్నాయి.

మా ఫోర్‌మాన్ సత్యంగారిది నరసాపురం వైపు. ఒక శుక్రవారం, సెలవు రోజున, నేను సిమెంటు సంచి కాగితం మీద క్యాంపు వంటవాడి బొమ్మ వేశాను. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే అతని మూతి ఎటు తిరుగుతుందో అలాగే వేశాను. గదంతా నవ్వింది. సత్యంగారు ఆ కాగితం తీసుకుని చూశాడు.

"ఒరేయ్ గంగారాం, నీ చేతిలో పనుందిరా. రేపట్నించి రోలరు పక్కన పెట్టు" అన్నాడు.

ఆయన నాకు చేసిన మేలు అది. మర్నాటి నుంచి ఆ మేలుని చెడగొట్టే పనిలో పడ్డాడు. ఆయన దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి ఉండేది, నిండా పాత క్యాలెండర్లు. మంచు కొండలు, జలపాతాలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, హంసలున్న చెరువులు, కొబ్బరి చెట్ల మధ్య మునిగే సూర్యుడు. కస్టమరు ఒక పేజీ మీద వేలు పెడతాడు. నేను ఆ పేజీని గోడ మీదికి ఎక్కించాలి.

"సార్, గీడ బయట ఉన్నది చూసి ఏస్తే ఎట్లుంటది?" అని ఒకసారి అడిగాను.

"బయటేవుందిరా? ఇసక. ఇసకెయ్యడానికి నువ్వెందుకు, తెచ్చి పోస్తే సరిపోద్ది. బొమ్మల కోసం బయట వెతక్కూడదు, సంచీలో వెతకాలి. ఆయ్, టైం వేస్టు."

ఆ రోజుల్లో ఆ ద్వీపం మీద ఎన్ని భోజన హోటళ్ళలో ఒకే మంచు కొండ ఉండేదో నాకు తెలుసు. అన్నీ నేను వేసినవే. బయట కాలు పెడితే చెప్పు అంటుకునే ఎండ, లోపల గోడ నిండా మంచు. ఏసీ చెడిపోయిన రోజున ఆ మంచు కింద కూర్చుని బిర్యానీ తినేవాళ్ళ ముఖాలు చూడాలి. వెయ్యవలసిన బొమ్మ అదే. నాకు అప్పుడు తట్టలేదు.

ఇప్పటి పిల్లలు సత్యంగారిని చూసి నవ్వక్కర్లేదు. ఆయన సంచి ఇప్పుడు మీ జేబులో ఫోనుగా మారింది. తెరిచి చూడండి, అదే కొండ ఉంటుంది.

రెండు ఫిర్యాదులు

బుదైయాలో ఒక పెద్ద ఇల్లు, చుట్టూ తోట. హాలు గోడకి హంసల చెరువు కావాలన్నారు. క్యాలెండరులో సరిగ్గా హంస మెడ దగ్గర కాగితం చిరిగి ఉంది. నేను హంసని ఎన్నడూ చూడలేదు. చిరిగినంత మేర నాకు తెలిసిన మెడ పెట్టాను. అది మా ఇంటి కోడి మెడ. ఆ ఇంటి పిల్లలు మూడు రోజులు హాల్లో కొక్కొరొకో అంటూ తిరిగారట. నేను కోడి మెడ పెడుతున్న సమయంలో, కిటికీ అవతల గడ్డి మడిలో తెల్ల కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి, మెడలతో సహా. వాటికి నా వీపు కనిపిస్తూ ఉంది.

రెండోది జల్లాఖ్‌లో, సముద్రం ఒడ్డు రిసార్టు. భోజనాల షెడ్డు గోడకి సత్యంగారు ఇష్టపడి కొబ్బరి చెట్లు వేయించాడు. ఆయనకి ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. మేనేజరు వచ్చి గోడ చూశాడు, బయటున్న ఖర్జూరాలు చూశాడు, మళ్ళీ గోడ చూశాడు. "ఇది ఏ దేశం?" అని అడిగాడు. సత్యంగారు "చెట్టు చెట్టే కదండీ" అన్నాడు. గోడ చెరిపించి మళ్ళీ కొట్టించారు.

ఆఫీసులో పెద్దవాళ్ళు సత్యంగారిని పిలిచి గడ్డి పెట్టారు. ఆయన ఆ గడ్డి తెచ్చి నాకు పెట్టాడు.

"ఇంకొక్క ఫిర్యాదు వస్తే నీ బ్రష్షు ఖలాస్. హమద్ టౌన్‌లో కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. రోలరట్టుకుని ఎక్కెయ్యడవే."

బయటివాళ్ళకి ఇది చిన్న విషయం. జీతంలో పెద్ద తేడా కూడా లేదు. కానీ బ్రష్షు పట్టాక పొద్దున లేవగానే ఈ రోజు ఏం వేస్తానో అన్న ఆలోచన వచ్చేది. రోలరు రోజుల్లో లేవగానే మోకాళ్ళు గుర్తొచ్చేవి. మళ్ళీ ఆ పరంజా ఎక్కితే ఇక దిగనివ్వరని నాకు తెలుసు. మూడో గోడ యూసుఫ్‌ది.

కెరటం

"సముద్రం వెయ్యి" అన్నాడు యూసుఫ్. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఆయన కొట్టు సముద్రానికి ఎంత దగ్గరంటే చాయ్‌లో కూడా ఆ వాసన ఉండేది. చెప్పవలసిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు.

అప్పటికి నేను ఆ ద్వీపం మీదికి వచ్చి ఆరేళ్ళు. సముద్రం చూశావా అంటే చూశాను, కంపెనీ బస్సు వంతెన దాటేటప్పుడు. అది కూడా నిద్రలో. క్యాంపు నుంచి సైటుకి, సైటు నుంచి క్యాంపుకి. చుట్టూ నీళ్ళున్న దేశంలో నీళ్ళంటే నాకు ట్యాంకరే. ఆర్మూరు వాడికి సముద్రం ఎక్కడి నుంచి వస్తుంది? సినిమా నుంచి. హీరో కోపంగా నిలబడితే వెనక రాళ్ళ మీద లేచి పడుతుందే, అది. సంచిలో అలాంటి క్యాలెండరు కూడా దొరికింది. నేల నుంచి పైకప్పు దాకా ముదురు నీలం కెరటం లేపాను. పైన గేదె పాల పొంగులాంటి నురగ. వేశాక వెనక్కి జరిగి చూసుకుని నేనే కొంచెం భయపడ్డాను. బాగా వచ్చిందనుకున్నాను.

ఆ కొట్టుకి రోజూ మధ్యాహ్నం అసర్ నమాజు కాగానే ముగ్గురు వచ్చేవారు. హాజీ రాషిద్ పెద్ద పడవలు నడిపిన మనిషి. బు జాసింకి అప్పటికీ సముద్రంలో చేపల దడి ఉంది. ముబారక్ ఎక్కువ మాట్లాడడు, నవ్వుతాడు. వాళ్ళ మాట సగం అరబ్బీ, సగం హిందీ. ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను.

కుర్చీలు తిరగడం చూసి యూసుఫ్ లోపలి నుంచి వచ్చాడు.

"ఏమైంది హాజీ?"

"చాయ్ తాగడానికి వచ్చాం. మునగడానికి కాదు" అన్నాడు హాజీ రాషిద్, గోడ వైపు తిరక్కుండానే. తర్వాత నన్ను పిలిచాడు. "ఈ కెరటాన్ని నువ్వు ఎక్కడ చూశావు?"

"సినిమాలో హాజీ."

"ఇది మా ఊరికి వచ్చి ఉంటే మా తాత పోయేవాడు. మా నాన్న పుట్టేవాడు కాదు, నేనూ పుట్టేవాణ్ణి కాదు. ఈ గోడ చూసే బాధ తప్పేది."

ముబారక్ నవ్వాడు. అప్పుడే సత్యంగారు పని పూర్తయిందని సంతకం పెట్టించుకోవడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, గోడనీ కుర్చీలనీ చూశాడు.

"ఏరా, వీళ్ళేంటి అటు కూర్చున్నారు?"

"గోడ నచ్చలే సార్."

"సత్యం భాయ్" అన్నాడు యూసుఫ్. "నా గిరాకీలు గోడకి వీపు పెట్టారు. సున్నం కొట్టించు. ఖలాస్."

సత్యంగారు నా వైపు తిరిగాడు. అరవలేదు. ఆయన అరవకపోతే నా పని అయిపోయినట్టే. "చీకటి పడే లోపల తెలుపు కొట్టెయ్. బ్రష్షులు స్టోర్లో ఇచ్చెయ్. ఎల్లుండి పొద్దున్న హమద్ టౌన్ బస్సెక్కు" అని, ఒక కుర్చీ లాక్కుని చాయ్ చెప్పాడు.

బక్కెట్టు కోసం వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అక్కడ సూరమ్మ చెత్త సంచితో నిలబడి ఉంది. కొట్టు వెనకింట్లో వంటపని, ఇంటిపని చేసే మనిషి, ఉప్పాడ నుంచి వచ్చింది. గుమ్మంలోంచి గోడ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటి తమ్ముడూ అది? ఉప్పెనా?"

"సముద్రం అక్కా."

"ఎక్కడి సముద్రం? మాది ఉప్పాడ. కెరటాలు కొట్టి వీధులకి వీధులే పోయిన ఊరు. మా ఊళ్ళో కూడా ఇంత లెగలేదు. ఈడ సముద్రానికి లెగిసే ఓపికెక్కడిది, ముసలి గేదెలాగ తొంగుంటాది."

"మరి ఎట్లుంటది?"

"ఎట్లుంటాదని నన్నడుగుతావేటి? కళ్ళు లేవా? ఈ గోడెనకాలే కదా ఉంది. ఎళ్ళి సూసిరా." తన చేతిలోది నా చేతిలో పెట్టింది. "చెత్త డబ్బా కూడా అటే. ఇది పట్టికెళ్ళు."

గోడ వెనక

ఇన్‌స్పిరేషన్ గురించి అడిగే పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. నేను దాని కోసం వెళ్ళింది చేతిలో చేపల పొలుసుల సంచితో.

సందు దాటగానే సముద్రం ఉండాలి. లేదు. నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. కనుచూపు మేర బురద, చదునుగా, చల్లారిన చాయ్ రంగులో. అక్కడక్కడ మిగిలిన నీటి మడుగుల్లో ఆకాశం ముక్కలు. నీలం అనే రంగు ఎక్కడా లేదు. నేను మూడు డబ్బాల నీలం గోడకి కొట్టి వచ్చాను. ఒక పడవ పక్కకి ఒరిగి పడుకుని ఉంది, దాని కింద నీడలో ఒక పిల్లి. ఇంకా లోపలికి, సముద్రం ఉండవలసిన చోట, ఒక పికప్ బండి ఆగి ఉంది. దూరంగా ఖర్జూరపు మట్టలు పాతి కట్టిన దడి. చేపలు పట్టడానికి కట్టే ఆ దడిని అక్కడ హద్రా అంటారు. దాని దగ్గర ఎవరిదో తెల్ల ప్లాస్టిక్ కుర్చీ బురదలో దిగబడి ఉంది. అడుగుజాడలు గట్టు నుంచి బయల్దేరి దడి దాకా వెళ్ళాయి, వాటిలో నీళ్ళు ఊరుతున్నాయి.

సంచి చెత్త డబ్బాలో వేసి, చేపల పెట్టె బోర్లించి కూర్చున్నాను. జేబులో ఎప్పుడూ సిమెంటు సంచి కాగితం ఉండేది. పడవ వేశాను, బండి వేశాను, దడి వేశాను, కుర్చీ వేశాను. పిల్లిని వదిలేశాను. గోడ బొమ్మకి పిల్లి తగదనిపించింది. ఆరేళ్ళుగా క్యాలెండర్లు చూసిన కన్ను అది. ఏది బొమ్మకి తగుతుందో ఏది తగదో ముందే తేల్చుకుని ఉంది.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాను. తెల్ల రంగులో కొంచెం మట్టి రంగు, కొంచెం పసుపు కలిపి, రోలరు పట్టుకుని నా కెరటాన్ని నేనే ముంచేశాను.

"తెలుపు కొట్టమంటే బురద కొడతావేంట్రా?" అన్నాడు సత్యంగారు.

"సార్, జర ఆగుండ్రి. ఇది కూడా నచ్చకపోతే తెలుపు నేనే కొడ్త, బ్రష్షులు నేనే ఇస్త."

"దీనికి ఓవర్‌టైం అడక్కు" అని చాయ్ వైపు తిరిగాడు. ఆయన ఒప్పుకునే తీరు అదే.

తప్పులు

గోడ ఆరాక హుక్కా బొగ్గుల తట్టలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసుకుని గీయడం మొదలుపెట్టాను. ముగ్గురి వీపులూ అలాగే ఉన్నాయి. పడవ అయింది. బండి అయింది. దడి గీస్తుండగా ముబారక్ మెడ తిప్పి చూశాడు. పక్కనున్న బు జాసింని మోచేత్తో పొడిచాడు. బు జాసిం కుర్చీతో సహా తిరిగాడు.

"ఆ హద్రా ఎవరిది?"

"వెనక కనిపించేదే, చాచా."

"అది నాది. నా హద్రాకి నోరు అటు పెట్టావేం, గాడిదా?"

"చేప సముద్రంలోంచి వస్తుంది కదా. అందుకని నోరు అటు."

"వచ్చే చేపని ఎవడు పడతాడు? అది తినడానికి గట్టు దాకా వస్తుంది, రానీ. నీళ్ళు తీసినప్పుడు తిరిగి పోతుంది చూడు, అప్పుడు పట్టాలి. నోరు గట్టు వైపు ఉండాలి."

నిజానికి దూరం నుంచి నాకు కనిపించింది వరసగా మట్టలు మాత్రమే. నోరు ఎటుందో నేను చూడలేదు, బుర్రలోంచి పెట్టాను. బుదైయాలో కోడి మెడ పెట్టినట్టే. మీరు కూడా ఇదే చేస్తారు. చూసినంత వరకు గీసి, చూడని చోట తెలిసినట్టు గీస్తారు. బొమ్మ సరిగ్గా అక్కడే దొరికిపోతుంది. దగ్గరికి నడవండి. బురద కాళ్ళకి అంటితే కడుక్కోవచ్చు.

బు జాసిం లేచి వచ్చి నా చేతిలో బొగ్గు లాక్కున్నాడు. నా దడిని అరచేత్తో తుడిచేసి తనే గీశాడు. గీత వంకరగా వచ్చింది, నోరు సరైన వైపు ఉంది. ఇక హాజీ రాషిద్‌కి కూర్చోబుద్ధి కాలేదు.

"పడవని సముద్రం వైపు ఒరిగిస్తారా ఎవరైనా? నీళ్ళు పెరిగితే దాంట్లోకి రావూ? యల్లా, మార్చు."

"ఆ పడవ ఎప్పుడూ అటే ఒరుగుతుంది" అన్నాడు బు జాసిం.

"దాని యజమాని వెధవ కనక. గోడ మీద కూడా వెధవ పడవే ఉండాలా?"

ముబారక్ చాలాసేపు గోడంతా వెతికి, నన్ను అడిగాడు. "నా పిల్లి ఏది?"

పిల్లి ఆయనదే. పడవ కింద పెట్టాను. తోక పొడుగైందన్నాడు. తగ్గించాను. ఇప్పుడు పొట్టిదైందన్నాడు. పొద్దు గుంకి మగ్రిబ్ బాంగు వినిపించింది. మామూలుగా ఆ ముగ్గురూ నమాజు అయ్యాక ఇళ్ళకి పోయేవారట. ఆ రోజు తిరిగొచ్చారు, పడవ సంగతి తేల్చుకోవడానికి. బాగుందని ఒక్కడూ అనలేదు.

సత్యంగారు లేచాడు. "యూసుఫ్ భాయ్, మరి తెలుపు కొట్టించెయ్యనా?"

యూసుఫ్ ట్రేలో గ్లాసులు పేరుస్తున్నాడు. "ఈ ముగ్గురూ ఒక్కో చాయ్‌తో సాయంత్రమంతా నా కుర్చీలు అరగదీస్తారు. ఈ రోజు పొయ్యి మీద నీళ్ళు దించలేదు. ఆ గోడ మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతాను. అతన్ని రేపు కూడా పంపు. ఇంకా తప్పులున్నాయట."

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నానండీ, మావాడిది మంచి చెయ్యని" అన్నాడు సత్యంగారు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ.

హమద్ టౌన్ బస్సు నేను ఎక్కలేదు. పని మానేసే దాకా బ్రష్షు నా చేతిలోనే ఉంది. సత్యంగారికి మాత్రం జ్ఞానోదయం ఏమీ కాలేదు. నా సిమెంటు సంచి కాగితాన్ని మడిచి తన క్యాలెండర్ల సంచిలో వేసుకున్నాడు. తర్వాత కస్టమర్లు దాని మీద కూడా వేలు పెట్టారు. ఆ గలాలీ పడవని, చుట్టుపక్కల చుక్క నీరు లేని ఎడారి ఇళ్ళలో కూడా నా చేత వేయించాడు, పిల్లితో సహా. మీరు గోడ వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నది కూడా పది గోడలెక్కితే క్యాలెండరే అవుతుంది. మళ్ళీ వెళ్ళాలి. నేను శుక్రవారాలు వెళ్ళాను. క్యాంపు గుమ్మం ముందు చెప్పుల కుప్ప, ఏసీ నీళ్ళు పట్టే నూనె డబ్బా, బస్సులో నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళు, ఇవన్నీ వేశాను. ఏదీ ఎక్కడో వెతికింది కాదు, నా కాళ్ళ దగ్గరున్నదే.

ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్ళు: కొట్టు యజమాని యూసుఫ్. పడవ తప్పని ఆఖరి దాకా వాదించిన హాజీ రాషిద్. గోడ మీద సొంత గీత ఉన్న బు జాసిం. పిల్లి యజమాని ముబారక్. ఫోర్‌మాన్ సత్యంగారు. గంగారాం, అంటే నేను. ఇంకా, నన్ను గోడ వెనక్కి పంపిన ఉప్పాడ సూరమ్మ. ఆడవాళ్ళు ఆ కొట్టులో కాలు పెట్టరు కనక ఆమె వెనక గుమ్మం బయటే నిలబడింది. అక్కడి నుంచి గోడలో సగమే కనిపిస్తుంది.